లోహ ఆక్సైడ్ ఉత్ప్రేరకాల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలల్లో అడిగే ప్రశ్నలివి. వీటిలో కొన్ని నేనూ ఒకప్పుడు అడిగాను. కొన్ని అడగడానికి మొహమాటపడి, బ్యాచ్‌లు పాడుచేసుకున్నాక నేర్చుకున్నాను. డిగ్రీ స్థాయి రసాయనశాస్త్రం గుర్తుంటే చాలు, అన్నీ అర్థమవుతాయి.

ప్లాటినం లాంటి లోహాలు ఉండగా ఆక్సైడ్లు ఎందుకు?

ప్లాటినం, పల్లాడియం బాగా పనిచేస్తాయి, కాదనలేం. కానీ ఖరీదు ఎక్కువ, దొరికేది తక్కువ, విషపదార్థాలు తగిలితే త్వరగా చచ్చుబడతాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీలో ఒకప్పుడు ప్లాటినమే వాడేవారు. ముడిపదార్థంతో వచ్చే ఆర్సెనిక్‌ను అది తట్టుకోలేకపోయింది. ఆ స్థానంలోకి వచ్చిన వనాడియం పెంటాక్సైడ్ ఇప్పటికీ అక్కడే ఉంది. విద్యుత్ కేంద్రాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అమ్మోనియాతో కలిపి నైట్రోజన్‌గా మార్చేది టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద పరిచిన వనాడియా (వనాడియం ఆక్సైడ్), టంగ్‌స్టన్ ఆక్సైడ్. మెథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్ చేసేది ఐరన్ మాలిబ్డేట్. కారు పొగను శుద్ధిచేసే కన్వర్టర్‌లో లోహాలకే పేరొస్తుంది గానీ, ఆక్సిజన్‌ను దాచిపెట్టి అవసరమైనప్పుడు వాటికి అందించేది పక్కనున్న సిరియా-జిర్కోనియా, అంటే సిరియం, జిర్కోనియం ఆక్సైడ్ల మిశ్రమం.

ఆక్సైడ్ అసలు ఎలా పనిచేస్తుంది?

రకరకాలుగా పనిచేస్తుంది. ఆక్సీకరణ చర్యలకు ఎక్కువగా చెప్పేది మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు 1954లో ప్రతిపాదించిన విధానం. దాని ప్రకారం చర్యలో పాల్గొనే అణువు ఆక్సైడ్ స్ఫటికంలోని ఆక్సిజన్‌నే తీసుకుంటుంది. అక్కడ ఒక ఖాళీ ఏర్పడుతుంది, లోహ అయాన్ క్షయకరణం చెందుతుంది. తర్వాత గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీని పూడుస్తుంది. సిరియాకు ఇంత గిరాకీ అందుకే. సిరియం ఆక్సీకరణ స్థితి నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు తేలిగ్గా మారుతుంది, అంత జరిగినా స్ఫటిక నిర్మాణం చెదరదు.

అల్యూమినా, మెగ్నీషియా (అల్యూమినియం, మెగ్నీషియం ఆక్సైడ్లు) లాంటివి ఇలా ఆక్సిజన్ ఇచ్చిపుచ్చుకోవు. వాటి ఉపరితలం మీదుండే ఆమ్ల, క్షార స్థానాలే పనిచేస్తాయి. కాబట్టి తయారీకి ముందే మీ చర్యకు కావాల్సింది ఆక్సిజన్ ఖాళీలా, ఆమ్లత్వమా, క్షారత్వమా అన్నది తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా పద్ధతి ఎంచుకోవడం, ఏ ఊరు వెళ్లాలో తెలియకుండా బస్సెక్కడం లాంటిది.

ఫార్ములా ఒకటే కదా, ఎలా చేస్తే ఏంటి?

ఈ విషయంలోని కీలకమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఉత్ప్రేరకం తాను పుట్టిన తీరును మరచిపోదు. ఫార్ములా ఒకటే అయినా కణం పరిమాణం, బయటికి కనబడే స్ఫటిక ముఖాలు, లోపాలు, కడగగా మిగిలిపోయిన మలినాలు తయారీని బట్టి మారిపోతాయి.

కోబాల్ట్ ఆక్సైడే ఒక ఉదాహరణ. 2009లో దాన్ని నానో కడ్డీల ఆకారంలో తయారుచేసి చూస్తే, కార్బన్ మోనాక్సైడ్‌ను మైనస్ 77 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ఆక్సీకరించింది. కొత్త మూలకమేదీ కలపలేదు. చురుకైన ముఖాలు ఎక్కువగా బయటికి వచ్చేలా కణం ఆకారం మార్చారు, అంతే. సిరియా కూడా అలాగే. గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌లో సుమారు 100 డిగ్రీల దగ్గర ఉంచితే కడ్డీలు వస్తాయి, 180 దగ్గర ఉంచితే ఘనాలు వస్తాయి. అదే సీసా, అవే రసాయనాలు, చర్యాశీలత మాత్రం వేరు.

మొదట ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

అవక్షేపణతో, అంటే లోహ లవణాల ద్రావణంలో క్షారం కలిపి ఘనాన్ని దిగేలా చేయడంతో. బీకరు, స్టిర్రర్, పీహెచ్ మీటర్, ఓవెన్, ఫర్నేస్ ఉంటే చాలు. పరిశ్రమలో కూడా టన్నుల లెక్కన చేసేవి చాలావరకు అవక్షేపణ, ఇంప్రెగ్నేషన్ (సపోర్ట్‌గా, అంటే ఆధారంగా ఉండే రంధ్రాల పొడిలోకి లవణ ద్రావణాన్ని ఇంకించడం) పద్ధతులే. మొదటి ప్రాజెక్టులోనే నానో పువ్వులూ నానో ముళ్లూ చేయాలని ఉబలాటపడేవాళ్లను చూస్తుంటాను. ఫొటోలు బాగుంటాయి. కానీ ముందు సాదా పొడిని మూడుసార్లు ఒకేలా తీయగలిగితే, పువ్వుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

సహ అవక్షేపణలో రెండు లోహాలు సమంగా కలవడం లేదు. ఎందుకు?

చాలావరకు పోసే పద్ధతి వల్లే. ఒక్కో హైడ్రాక్సైడ్ ఒక్కో పీహెచ్ దగ్గర అవక్షేపిస్తుంది. సుమారుగా చెప్పాలంటే ఫెర్రిక్ 2 నుంచి 3, అల్యూమినియం 4, కాపర్ 5 నుంచి 6, జింక్ 7, మెగ్నీషియం 9.5 దాటాక. మీరు లోహ లవణాల ద్రావణంలోకి క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తుంటే పీహెచ్ కింద నుంచి పైకి పాకుతుంది. ముందు ఇనుము మొత్తం దిగిపోతుంది, జింక్ తర్వాత వచ్చి దాని మీద కూర్చుంటుంది. పేరుకు సహ అవక్షేపణ, నిజానికి వరుస అవక్షేపణ.

దీనికి మందు, పీహెచ్ మారకుండా చూడటం. బీకర్లో కొంచెం నీళ్లు తీసుకుని, లవణాల ద్రావణాన్నీ క్షారాన్నీ రెండు వైపుల నుంచి ఒకేసారి వదలాలి. మీటర్ చూస్తూ ఒక అంకె దగ్గర నిలబెట్టాలి. యూరియా వాడటం ఇంకో దారి. 90 డిగ్రీల దగ్గర అది మెల్లగా విచ్ఛిన్నమై ద్రావణమంతా ఒకేసారి అమ్మోనియాను విడుదల చేస్తుంది. ఆలస్యమైనా కణాలు సమంగా వస్తాయి.

క్షారంగా అమ్మోనియా వాడుతున్నారా? కాపర్, నికెల్, జింక్ ఉంటే జాగ్రత్త. అమ్మోనియా ఎక్కువైతే అవి సంక్లిష్ట అయాన్లుగా తిరిగి కరిగిపోతాయి. వడగట్టిన నీళ్లు ముదురు నీలంగా కనబడితే మీ కాపర్ సింకులోకి పోతున్నట్టే. సోడియం హైడ్రాక్సైడ్‌ను మరీ ఎక్కువ పోసినా అల్యూమినియం, జింక్ కరుగుతాయి.

అవక్షేపం వచ్చాక దాన్ని అలాగే కలుపుతూ ఉంచమంటారు. అవసరమా?

అవసరమే. దానికి మెథనాల్ ఉత్ప్రేరకాన్ని మించిన ఉదాహరణ లేదు. కాపర్, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిసిన ఈ ఉత్ప్రేరకంతో బ్రిటిష్ రసాయన సంస్థ ఐసీఐ 1966లో తక్కువ పీడనంలో మెథనాల్ తయారీ మొదలుపెట్టింది. నైట్రేట్లను సోడియం కార్బొనేట్‌తో, పీహెచ్ 7 దగ్గర, 60 నుంచి 70 డిగ్రీల్లో అవక్షేపింపజేస్తే మొదట నీలంగా, స్ఫటిక రూపం లేని జిగురులాంటి ముద్ద వస్తుంది. వేడి తగ్గించకుండా కలుపుతూనే ఉంటే, కాసేపటికి పీహెచ్ ఒక్కసారి కిందికి జారుతుంది, రంగు నీలం నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది. జింక్ ఇమిడిన మాలకైట్ (కాపర్ హైడ్రాక్సీ కార్బొనేట్) స్ఫటికాలు అప్పుడే పుడతాయి. రేపటి ఉత్ప్రేరకంలో కాపర్, జింక్ ఎంత దగ్గరగా ఉంటాయన్నది ఆ మాలకైట్‌లోనే నిర్ణయమైపోతుంది. రంగు తిరగకముందే భోజనానికి టైమైందని వడగట్టేస్తే వచ్చేది వేరే పదార్థం. కాబట్టి టైమ్ ఒక్కటే కాదు, రంగు ఎప్పుడు మారిందో కూడా నోట్‌బుక్‌లో రాయండి.

అవక్షేపాన్ని ఎన్నిసార్లు కడగాలి?

ఎన్నిసార్లు అని లెక్క పెట్టకండి, కడిగిన నీళ్ల కండక్టివిటీ చూడండి. అది డిస్టిల్డ్ వాటర్ విలువ దగ్గరికి వచ్చి, మళ్లీ కడిగినా మారనప్పుడు ఆపండి. వేడి నీళ్లు ఇంకా నయం.

ఇది నాకు సొంత అనుభవం నేర్పిన పాఠం. మూడుసార్లు కడిగాం కదా, చాల్లే అనుకుని కాపర్-సిరియా బ్యాచ్‌లు వరుసగా చేశాను. ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక రూపాన్ని చూపే ఎక్స్-కిరణ పరీక్ష) బాగుంది, ఉపరితల వైశాల్యం బాగుంది, చర్య మాత్రం నడవదు. రెండు నెలలు ఉష్ణోగ్రతలు మార్చాను, నిష్పత్తులు మార్చాను, రియాక్టర్‌ను విప్పి మళ్లీ బిగించాను. చివరికి మూలకాల విశ్లేషణ చేయిస్తే పొడినిండా సోడియమే. అదే అవక్షేపాన్ని సరిగ్గా కడిగి చూస్తే రెండో రోజుకే ఫలితం వచ్చింది. ఆ టెన్షన్ మీకొద్దు.

కడిగేకొద్దీ లవణం తగ్గి, కణాలు విడిపోయి ఫిల్టర్ పేపర్ గుండా జారిపోవడం కూడా జరుగుతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్ వాడండి.

నైట్రేట్ వాడాలా, క్లోరైడ్ వాడాలా?

వీలైతే నైట్రేట్. వేడిచేస్తే వెళ్లిపోతుంది. క్లోరైడ్ మొండిది. కొంచెం మిగిలినా కాపర్, బంగారం కణాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి. క్లోరైడ్ తప్పనిసరైతే, కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినప్పుడు తెల్లదనం రాకుండా పోయేవరకు కడగండి. సల్ఫేట్ సంగతి వేరు, కొన్నిసార్లు అదే కావాలి. జిర్కోనియా మీద కావాలనే సల్ఫేట్ ఉంచితే బలమైన ఆమ్ల ఉత్ప్రేరకం వస్తుంది.

సోల్-జెల్‌లో నాది జెల్ కాకుండా తెల్లని ముద్దలా విరిగిపోతోంది.

సోల్-జెల్ అంటే ద్రావణాన్ని ముందు జెల్‌గా మార్చి, ఆరబెట్టి కాల్చే పద్ధతి. మీరు టైటానియం ఐసోప్రొపాక్సైడ్ వాడుతున్నారని ఊహిస్తున్నాను. నీటి చుక్క తగిలితే చాలు, అది వెంటనే చర్య జరిపేస్తుంది. సిలికాకు వాడే ఆల్కాక్సైడ్‌కు ఉన్న ఓపిక దీనికి లేదు. దాన్ని ముందు అసిటైల్ అసిటోన్‌తోనో అసిటిక్ ఆమ్లంతోనో కలిపి నెమ్మదింపజేయండి. నీటిని నేరుగా పోయకుండా ఆల్కహాల్‌లో కలిపి, చల్లగా ఉంచి, చుక్కలుగా వేయండి. ద్రావణం చేసే పాత్రలో తడి ఉండకూడదు.

జెల్ బాగా వచ్చినా ఆరబెట్టేటప్పుడు ఇంకో గండం ఉంది. రంధ్రాల్లోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు దాని తలతన్యత గోడలను లోపలికి లాగి కూల్చేస్తుంది. శాస్త్రవేత్త కిస్ట్లర్ 1931లో దీనికి ఉపాయం చూపించాడు. ద్రవాన్ని సందిగ్ధ (క్రిటికల్) ఉష్ణోగ్రత, పీడనాలు దాటించి తీసేస్తే ద్రవానికీ వాయువుకూ మధ్య హద్దే ఉండదు, లాగే బలమూ ఉండదు. అలా వచ్చిందే ఏరోజెల్. మామూలుగా ఆరితే వచ్చేది జీరోజెల్. చాలా పనులకు జీరోజెల్ సరిపోతుంది.

మూడు, నాలుగు లోహాలున్న పెరోవ్‌స్కైట్‌లకు (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణమున్న మిశ్రమ ఆక్సైడ్లకు) సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ వాడే పెచీని పద్ధతి మంచిది. 1967 నాటి పేటెంట్ అది. లోహ అయాన్లు పాలిమర్ వలలో ఎక్కడివక్కడ చిక్కుకుంటాయి కాబట్టి లాంథనం కోబాల్టైట్ లాంటిది 600 నుంచి 700 డిగ్రీల్లోనే ఏర్పడుతుంది. పొడులు కలిపి కాల్చే పద్ధతిలో అయితే 1000 దాకా పోవాలి, అప్పటికి ఉపరితలం ఏమీ మిగలదు.

ఇంప్రెగ్నేషన్‌లో ఎంత ద్రావణం పోయాలో లెక్క చెప్పండి.

సపోర్ట్ రంధ్రాల మొత్తం ఘనపరిమాణానికి సరిగ్గా సరిపోయేంత. 10 గ్రాముల అల్యూమినా ఉంది, దాని రంధ్రాల ఘనపరిమాణం గ్రాముకు 0.5 మి.లీ. అనుకుందాం. అంటే 5 మి.లీ. ద్రావణం పడుతుంది. మొత్తం బరువులో 10 శాతం కాపర్ ఆక్సైడ్ కావాలంటే 1.11 గ్రాముల ఆక్సైడ్ ఉండాలి, 1 గ్రాము కాదు. ఎందుకంటే శాతం లెక్కించేది సపోర్ట్ మీద కాదు, మొత్తం మీద. దానికి మూడు నీటి అణువులున్న కాపర్ నైట్రేట్ 3.37 గ్రాములు కావాలి. దాన్ని నీటిలో కరిగించి, మొత్తం 5 మి.లీ. చేసి, పొడిని కలుపుతూ కొంచెం కొంచెంగా పోయాలి. చివరికి పొడి తడిగా ఉండాలి గానీ జారకూడదు. జారితే నీళ్లు ఎక్కువైనట్టే. ఆరేటప్పుడు లవణం బయటి అంచుకు చేరి పెంకు కట్టేస్తుంది. ఆరబెట్టడం కూడా నిదానంగా చేయండి.

సపోర్ట్ ఉపరితలం మీద ఆవేశం కూడా చూసుకోవాలి. ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ సిలికాకు సుమారు 2, టైటానియాకు 6, గామా అల్యూమినాకు 8. ద్రావణం పీహెచ్ దీనికంటే ఎక్కువుంటే ఉపరితలం రుణావేశంతో ధన అయాన్లను లాగుతుంది, తక్కువుంటే రుణ అయాన్లను లాగుతుంది. అందుకే అల్యూమినా మీదికి మాలిబ్డేట్ తేలిగ్గా ఎక్కుతుంది, సిలికా మీదికి ఎక్కదు.

దహన సంశ్లేషణ నిజంగా ఐదు నిమిషాల్లో అయిపోతుందా?

అవుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె.సి. పాటిల్ బృందం 1980లలో దీన్ని పెంచి పోషించింది. అల్యూమినియం నైట్రేట్, యూరియా కలిపిన ద్రావణాన్ని 500 డిగ్రీల ఫర్నేస్‌లో పెడితే మరిగి, నురగెత్తి, భగ్గుమని మండుతుంది. మిగిలేది నురగలాంటి తెల్లని అల్యూమినా.

నిష్పత్తి లెక్క తేలికే. కార్బన్‌కు 4, హైడ్రోజన్‌కు 1, నైట్రోజన్‌కు 0, ఆక్సిజన్‌కు మైనస్ 2, లోహానికి దాని వేలెన్సీ వేసుకోండి. అల్యూమినియం నైట్రేట్‌కు మైనస్ 15 వస్తుంది, యూరియాకు 6. కాబట్టి ఒక మోల్ నైట్రేట్‌కు రెండున్నర మోల్‌ల యూరియా.

పేపర్లలో దీన్ని మెచ్చుకున్నంతగా లోటు గురించి రాయరు. మంట వేడికి కణాలు పెరిగిపోతాయి, అల్యూమినా అయితే ఏకంగా ఆల్ఫా రూపంలోకి మారిపోతుంది. సపోర్ట్‌గా వాడాలంటే అది నష్టమే. ఇంధనాన్ని (ఇక్కడ యూరియాను) లెక్క కంటే తగ్గిస్తే మంట చల్లబడి ఉపరితలం మెరుగవుతుంది. మొదటిసారి ఒకటి, రెండు గ్రాములకు మించి చేయకండి. పెద్ద పాత్ర తీసుకోండి, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ఎర్రటి నైట్రోజన్ డయాక్సైడ్ పొగలు వస్తాయి.

హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్‌తో ప్రమాదం ఉందా?

ద్రావణాన్ని మూసిన పాత్రలో పీడనంతో వేడిచేసే పరికరం కదా, నిర్లక్ష్యం చేస్తే ఉంది. టెఫ్లాన్ గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. ఉష్ణోగ్రత తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు, మామూలు టెఫ్లాన్‌కు 200 దగ్గరే ఆగడం మంచిది. పూర్తిగా చల్లారాకే తెరవండి. నీళ్ల కింద పెట్టి తొందరగా చల్లార్చాలని చూడకండి. పెరాక్సైడ్లు, వాయువులు పుట్టించే మిశ్రమాలు మూసిన పాత్రలో పెట్టేముందు అనుభవం ఉన్నవాళ్లను ఒకసారి అడగండి.

కాల్సినేషన్ (ఎండిన పొడిని ఫర్నేస్‌లో కాల్చడం) ఏ ఉష్ణోగ్రతలో చేయాలి?

అందరూ 500 అంటారు. ఎందుకు 500 అని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. అలవాటు, అంతే.

కింది హద్దును టీజీఏ (వేడిచేస్తూ బరువు మార్పును కొలిచే పరీక్ష) చెబుతుంది. నైట్రేట్, కార్బొనేట్, టెంప్లేట్ (రంధ్రాల కోసం కలిపే అచ్చు పదార్థం) పూర్తిగా పోయి బరువు నిలకడగా ఉండే ఉష్ణోగ్రత అది. ఇంకో షరతు, మీ చర్య జరిగే ఉష్ణోగ్రత కంటే కనీసం 50 డిగ్రీలు పైన కాల్చాలి. లేకపోతే మిగతా కాల్సినేషన్ రియాక్టర్లో జరుగుతుంది, ఉత్ప్రేరకం రోజుకో రకంగా ప్రవర్తిస్తుంది.

పై హద్దును పదార్థమే చెబుతుంది. ద్రవీభవన ఉష్ణోగ్రతను కెల్విన్‌లో తీసుకుని సగం చేస్తే వచ్చేదాన్ని టామన్ ఉష్ణోగ్రత అంటారు. ఆ దగ్గర్లో ఘనంలోని అణువులు బాగా కదలడం మొదలుపెడతాయి. వనాడియం పెంటాక్సైడ్ 690 డిగ్రీల్లో, అంటే 963 కెల్విన్‌లో కరుగుతుంది. సగం 481, అంటే 208 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. టైటానియా మీద అది తనంతట తానే పరుచుకోవడానికి కారణం ఇదే. కాపర్ ఆక్సైడ్‌కు ఇదే లెక్క 525 దగ్గర తేలుతుంది. కాపర్ ఉత్ప్రేరకాన్ని 700లో కాల్చి, చర్యాశీలత ఏదీ అని వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

రూపం మారే ఉష్ణోగ్రతలూ గుర్తుంచుకోండి. టైటానియాలో అనటేజ్ సాధారణంగా 600, 700 మధ్య రూటైల్‌గా మారుతుంది, మలినాలను బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది. గామా అల్యూమినా 1100 దాటాక ఆల్ఫా అవుతుంది, గ్రాముకు 200 చదరపు మీటర్లున్న ఉపరితలం పదికి లోపు పడిపోతుంది.

నిమిషానికి 2 నుంచి 5 డిగ్రీల చొప్పున వేడి పెంచండి. పొడిని పలుచగా పరవండి, గాలి ఆడనివ్వండి. లోతైన క్రూసిబుల్‌లో కుక్కితే బయటికి రాలేని నీటి ఆవిరి లోపలి కణాలను పెంచేస్తుంది. పైపొర ఒక పదార్థం, అడుగుపొర ఇంకో పదార్థం వస్తాయి.

ఎంత ఉపరితల వైశాల్యం వస్తే మంచిది?

ఎక్కువ ఉంటే మంచిదేనని అనుకుంటాం, అన్నిసార్లూ కాదు. పాక్షిక ఆక్సీకరణ చర్యల్లో సన్నని రంధ్రాల్లో ఇరుక్కున్న ఉత్పన్నం బయటపడేలోపు కార్బన్ డయాక్సైడ్ దాకా కాలిపోతుంది. అలాంటి చోట తక్కువ వైశాల్యం, వెడల్పు రంధ్రాలే మేలు.

వచ్చిన విలువ నమ్మదగిందా అని చూసుకోవడానికి చిన్న లెక్క ఉంది. 6000ను ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో సాంద్రత, నానోమీటర్లలో కణవ్యాసం రెండిటి లబ్ధంతో భాగించండి. సిరియా సాంద్రత 7.2, కణం 10 నానోమీటర్లు అయితే గ్రాముకు 83 చదరపు మీటర్లు. ఎక్స్‌ఆర్‌డీ 10 నానోమీటర్లు అంటుంటే బీఈటీ (వాయువును అంటించి ఉపరితలాన్ని కొలిచే పద్ధతి) 30 చూపిస్తే కణాలు అతుక్కుపోయాయన్నమాట. 250 చూపిస్తే రెండిట్లో ఏదో ఒక కొలత తప్పు, లేదా స్ఫటికం కాని పదార్థం చాలా ఉంది.

ఎక్స్‌ఆర్‌డీలో కాపర్ ఆక్సైడ్ శిఖరాలే లేవు. బాగా పరుచుకుందని రాయవచ్చా?

ఒక్క ఎక్స్‌ఆర్‌డీతో రాయకండి. మూడు నానోమీటర్ల లోపు కణాలు, స్ఫటిక రూపం లేని పదార్థం, మరీ తక్కువ పరిమాణం, ఈ మూడూ శిఖరం లేకుండానే కనబడతాయి. కాపర్ నిజంగా అందులో ఉందో లేదో ముందు మూలకాల విశ్లేషణలో చూడండి, వడగట్టినప్పుడే పోయి ఉండొచ్చు. తర్వాత రామన్ వర్ణపటం, హైడ్రోజన్‌తో టీపీఆర్ (వేడి పెంచుతూ క్షయకరణాన్ని కొలిచే పరీక్ష) చేస్తే చెదిరిన కాపర్‌కూ ముద్దకట్టిన కాపర్‌కూ తేడా తెలుస్తుంది.

పేపర్‌లో ఉన్నట్టే చేశాను. ఫలితం రాలేదు.

పేపర్‌లో రాయనివి చాలా ఉంటాయి. ఎంత వేగంగా పోశారు, స్టిర్రర్ ఎంత వేగం, ఫిల్టర్ మీద ముద్ద ఎంతసేపు ఉంది, ఫర్నేస్‌లో గాలి ఆడిందా, క్రూసిబుల్‌కు మూత ఉందా. ఫర్నేస్ తెర మీద 500 ఉన్నా, నమూనా దగ్గర ఇంకో థర్మోకపుల్ పెడితే 470 ఉండొచ్చు. హైడ్రేట్ లవణాలు సీసా తెరిచినప్పుడల్లా తేమ పీల్చుకుంటాయి కాబట్టి మీరు తూచిన గ్రాములూ అనుమానమే. అలాంటి లవణాన్ని కొంచెం కాల్చి, మిగిలిన ఆక్సైడ్ బరువు చూసుకోండి. ఆరు నీటి అణువులున్న సిరియం నైట్రేట్ అయితే బరువులో 39.6 శాతం ఆక్సైడ్ మిగలాలి.

గ్రాము చేసింది వంద గ్రాములు చేస్తే అలాగే వస్తుందా?

చాలా అరుదుగా. పెద్ద పాత్రలో కలయిక, వేడి పాకడం, ఆరడం అన్నీ మారతాయి. ఒకేసారి వందకు ఎగరకుండా 5, 20, 50 అంటూ పెంచుతూ ప్రతిచోటా చర్యాశీలత చూడండి. దహన పద్ధతిని మాత్రం ఇలా పెంచే ఆలోచన మానుకోండి.

తయారైన పొడిని ఎలా దాచాలి?

సిలికా, టైటానియా అంత పట్టించుకోవు. మెగ్నీషియా, లాంథనా, కాల్షియం ఆక్సైడ్ మాత్రం గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మెల్లగా హైడ్రాక్సైడ్, కార్బొనేట్ అయిపోతాయి. డెసికేటర్‌లో ఉంచినా, వాడేముందు రియాక్టర్‌లోనే పొడి గాలిలో మళ్లీ వేడిచేయండి. సీసా మీద ఫార్ములాతో పాటు బ్యాచ్ నంబరు, తేదీ, కాల్చిన ఉష్ణోగ్రత రాయండి. మార్కర్ రాత ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది, పైన టేపు అంటించండి.